చిలుకా, గూబా, బేతాళుడా?

మొన్న సెలవుల్లో కరీంనగర్‌లో మా అక్క వాళ్లింట్లో మేనల్లుడు, వాడి దోస్తులు చాపమీద కూర్చుని ఇరవై ముఖాల పాచిక దొర్లిస్తున్నారు. ఆట పేరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. మావాడిది మాంత్రికుడి పాత్ర. తనకు తోడుండే జీవిని ఎంచుకునే వంతు రాగానే కాగితం మీద ‘గుడ్లగూబ’ అని రాసుకున్నాడు. పక్కన చిక్కుడుకాయలు తుంచుతున్న మా అమ్మ చెయ్యి ఆగిపోయింది.

“గూబనా? ఇంటిమీద వాలితేనే అరిష్టమంటరు. నువ్వు పిలిచి తెచ్చుకుంటవా బిడ్డా?”

వాడి లెక్క వాడికుంది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఆట ఇది. 2014 నాటి నియమాల ప్రకారం పది బంగారు నాణేల విలువైన బొగ్గు, ధూపం, మూలికలు కాలిస్తే తోడు ప్రత్యక్షమవుతుంది. పిల్లి కావచ్చు, ఎలుక కావచ్చు. సాలీడు గోడలెక్కుతుంది. బొంతకాకి విన్న మాటను అనుకరిస్తుంది. గూబ మాత్రం ఒక్క వంతులో 60 అడుగులు ఎగురుతుంది, చీకట్లో 120 అడుగుల దూరం చూస్తుంది, శత్రువు పక్కనుంచి దూసుకుపోయినా వాడికి కొట్టే సందివ్వదు. 100 అడుగుల లోపు ఉంటే దాని కళ్లతో మాంత్రికుడే చూడొచ్చు. ఆడేవాళ్లలో చాలామంది గూబనే కోరుకోవడం అందుకే. అది చచ్చిపోయినా నష్టమేం లేదు, మళ్లీ ధూపం వేస్తే తిరిగొస్తుంది.

ఈ ఊహ వెనక ఉన్న చరిత్ర మాత్రం ఆటలాంటిది కాదు. 1640ల్లో ఇంగ్లండులో మాథ్యూ హాప్కిన్స్ అనేవాడు మంత్రగత్తెల వేట సాగించాడు. ముసలమ్మ పెంచుకున్న పిల్లీ కుక్కా ఆమెకు సైతాను పంపిన తోడన్నాడు. 1647లో అచ్చేసిన తన పుస్తకంలో ఆ జంతువుల బొమ్మలు పేర్లతో సహా వేయించాడు. ఆ నేరం మోపి ఎందరినో ఉరితీశారు. బాణామతి చేసిందన్న అనుమానంతో మన పల్లెల్లో మనుషుల్ని చెట్టుకు కట్టేసి కొట్టిన వార్తలు చదివినవాళ్లకు ఇది ఎక్కడో దూరదేశపు సంగతి అనిపించదు. మంత్రగాడూ వాడి తోడూ చాపమీద ఉన్నంతవరకే బాగుంటారు.

మన కథల్లో తోడు లెక్క వేరు. బాలనాగమ్మను కుక్కగా మార్చి ఎత్తుకుపోయిన మాయల మరాఠీ ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉంటుంది. 1942లో జెమినీ వారు తీసిన ‘బాలనాగమ్మ’లో ఆ వేషం గోవిందరాజుల సుబ్బారావు వేశారు. అక్కడ చిలుక మాంత్రికుడికి పనిచేసి పెట్టదు. మాంత్రికుడే దాన్ని కాపాడుకుంటూ బతకాలి. చిలుక మెడ విరిస్తే ఇక్కడ వాడు కూలిపోతాడు. తోడు పోతే తానూ పోవాల్సిన ఈ బంధం ముందు పది నాణేల ధూపం నాకు చాలా చవకగా కనిపిస్తుంది.

ఇక బేతాళుడు. అతని కథ మా కరీంనగర్ నుంచే మొదలుపెట్టాలి. వెల్గటూరు దగ్గర గోదావరి ఒడ్డున కోటిలింగాల ఉంది. ఉమ్మడి కరీంనగర్‌లోది, ఇప్పుడు జగిత్యాల జిల్లా. తొలి శాతవాహన రాజు సిముకుడి నాణేలు దొరికిన చోటు. ఆ శాతవాహనుల కొలువులోనే గుణాఢ్యుడు ఉండేవాడని కథ. పందెంలో ఓడి సంస్కృత, ప్రాకృత, దేశభాషలు మూడూ వదిలేసి అడవి పట్టాడు. అక్కడ కాణభూతి అనే పిశాచం అతనికి బృహత్కథ చెప్పింది. పైశాచీ భాషలో రాసి పంపితే రాజు తిప్పికొట్టాడు. గుణాఢ్యుడు ఒక్కో ఆకూ చదువుతూ మంటలో వేశాడు. లేళ్లూ పందులూ మేత మాని, కన్నీళ్లతో చుట్టూ నిలబడి విన్నాయట. రాజు పరుగెత్తుకొచ్చేసరికి ఏడు లక్షల శ్లోకాల్లో మిగిలింది ఒక్క లక్ష. ఆ బృహత్కథ మనకు దక్కలేదు. దాన్ని అనుసరించానని చెప్పుకుని 11వ శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో బేతాళ కథలున్నాయి.

ఆ బేతాళుణ్ణి ఏ తోడుతోనూ పోల్చలేను. శవాన్ని మోసుకురమ్మని ఒక రాజును పంపింది ఒక మాంత్రికుడు. శవంలోని బేతాళుడు దారిపొడుగునా కథలు చెప్పి, చిక్కుప్రశ్నలు వేసి, రాజు బుద్ధిని పరీక్షించి, చివరికి ఆ మాంత్రికుడి కుట్రే బయటపెట్టి రాజును బతికించాడు. చెప్పింది చేయడం గూబ పని. బేతాళుడు ఎవరి పక్షాన నిలవాలో తానే తేల్చుకున్నాడు.

ఈ కథంతా అమ్మే చెప్పింది, కాయలు తుంచడం మానేసి. పిల్లలు పాచిక పక్కన పెట్టి విన్నారు. మావాడు ‘గుడ్లగూబ’ కొట్టేసి, బేతాళుడికి నియమాలు రాయడం మొదలెట్టాడు. ఎగరడు, చూసిపెట్టడు. భుజంమీద బరువు. వంతుకో ప్రశ్న వేస్తాడు, జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే మౌనం చెడి చెట్టెక్కేస్తాడు. ఎన్నిసార్లు ఎక్కుతాడని అడిగాడు. ఇరవై అయిదు కథలంది అమ్మ. వాడు స్కేలు తీసుకుని కాగితం అంచున ఇరవై అయిదు గడులు గీస్తూ కూర్చున్నాడు.