పొడవును చెప్పి పోయిన మాటలు

ఇంగ్లిషులో ఆరడుగుల మనిషిని ‘టాల్’ అనడం అంత పాత అలవాటేమీ కాదు. మొదట్లో ఆ మాటకు చురుకైనవాడని, తర్వాత ధైర్యశాలి అని అర్థం. 16వ శతాబ్దంలో గానీ ఎత్తు అనే అర్థం స్థిరపడలేదు. షేక్‌స్పియర్ ‘ట్వెల్ఫ్త్ నైట్’లో సర్ టోబీ తన పిరికి మిత్రుణ్ణి ‘టాల్’ అని పొగడటంలో పాత అర్థం ఇంకా పలుకుతూనే ఉంది. అంతకుముందు పొడగరిని ‘లాంగ్’ అనేవారు. ఒకటో ఎడ్వర్డ్ రాజుకు పొడుగు కాళ్లవాడనే అర్థంలో ‘లాంగ్‌షాంక్స్’ అన్న పేరు అలా వచ్చిందే.

‘టాల్’ అర్థం మారిన ఆ 16వ శతాబ్దంలోనే పండితులు లాటిన్ మాటలను ఇంగ్లిషులోకి మోసుకొచ్చారు. గిట్టనివాళ్లు వీటిని సిరాబుడ్డి మాటలని ఎద్దేవా చేశారు. 1553లో థామస్ విల్సన్ తన అలంకారశాస్త్ర గ్రంథంలో అలాంటి మాటలతో కుక్కిన ఒక వెక్కిరింత ఉత్తరమే చేర్చాడు.

ఈ వెల్లువలో కొట్టుకొచ్చినదే ‘ప్రోసెరిటీ’. లాటిన్‌లో ‘ప్రోకేరుస్’ అంటే నిటారుగా పొడుగ్గా పెరిగినది. ఇది మనుషులకెంతో చెట్లకూ అంతే. సార్దిస్‌లో పారశీక రాజకుమారుడు సైరస్ పెంచిన తోటను చూసి స్పార్టా సేనాని లైసాండర్ ముగ్ధుడైన కథను సిసెరో వృద్ధాప్యం మీద రాసిన పుస్తకంలో చెప్తాడు. అక్కడ చెట్ల పొడవుకు అతను వాడింది ఈ మాటనే. లాటిన్ పోకడలంటే చెవికోసుకునే శామ్యూల్ జాన్సన్ 1755 నిఘంటువులో ‘ప్రోసెరిటీ’కి చోటిచ్చాడు. జనం మాత్రం దాన్ని పట్టించుకోలేదు. ‘హైట్’ ఉండగా ఆ అవసరమేముంది?

‘సెల్సిట్యూడ్’దీ అదే గతి. ఉన్నతమైనదని అర్థమిచ్చే ‘కెల్సుస్’ నుంచి పుట్టి, దొరలను సంబోధించే బిరుదుగా కొన్నాళ్లు మెరిసింది. దాని చుట్టం ‘ఎక్సెల్సియర్’ న్యూయార్క్ రాష్ట్ర నినాదంగా నిలిచింది. ‘అల్టుస్’ నుంచి వచ్చిన ‘ఆల్టిట్యూడ్’ ఒక్కటే ధీమాగా బతికింది, అదీ కొండలకూ విమానాలకే.

మాటల్లో పోయినవి మొక్కల పేర్లలో దాక్కున్నాయి. సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ దిరిసెన జాతి చెట్టు ఒకదానికి ‘ప్రోసెరా’ అని పేరు పెట్టాడు. 1795లో మొదలైన ఆయన కోరమాండల్ మొక్కల గ్రంథంలోని ‘ఐలాంథస్ ఎక్సెల్సా’ తెలుగువారి పెద్దమానే.