చక్కెరవ్యాధికి కత్తివైద్యము

సుశ్రుతుడు శస్త్రవైద్యులకు కులగురువు. అట్టివాడు సైతము మధుమేహికి లేచు వ్రణములను కత్తితో చీల్చుమనెనే గాని, మధుమేహమునకే కత్తి పెట్టవచ్చునని తలంపలేదు. నిరుపేద రోగియైనచో చెప్పులును గొడుగును విడిచి, తిరిపెమెత్తి తినుచు, ఊరి కొక్క రాత్రి కంటె నిలువక, నూరు యోజనములు నడువుమని విధించెను. ప్రష్యా సేనలు 1870లో పారిస్ నగరమును ముట్టడించి తిండిగింజలు రానీయనప్పుడు, తన రోగుల మూత్రమునందు చక్కెర మాయమగుట గాంచిన బూషార్దా పండితుడును వేఱు దారిని ఇంచుమించు ఆ మాటకే వచ్చెను: తిండి తగ్గింపుము, ఒడలు వంచుము.

కత్తి ఈ కథలోనికి దొడ్డిదారిని ప్రవేశించినది. అమెరికాలోని ఐయోవా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ మేసన్ అను శస్త్రవైద్యుడు, కడుపుపుండునకై ఆమాశయములో కొంత భాగము తీసివేయించుకొన్న స్త్రీలు పిమ్మట ఒళ్లుచేయకుండుట గమనించి, 1966లో స్థూలకాయులకు ఆమాశయమును విభజించి ప్రేగునకు కలుపు పద్ధతిని ఆరంభించెను. ఆయన గుఱి బరువు, చక్కెర కాదు.

ఉత్తర కరోలినా రాష్ట్రములోని గ్రీన్‌విల్ పట్టణమున వాల్టర్ పోరీస్ బృందము 1980 నుండి ఈ చికిత్సనే చేయుచు వచ్చెను. ఆమాశయపు పైభాగమున రెండు పెద్ద చెంచాల మందు పట్టునంత సంచిని మాత్రము మిగిల్చి, చిన్నప్రేగును తెగ్గోసి పైకి తెచ్చి దానికి కుట్టుదురు. తక్కిన ఆమాశయము కడుపులోనే యుండును గాని అన్నము దాని మొగము చూడదు. ఇంతవరకు వింత యేమియు లేదు. చారెడు తినువాడు చిక్కక యేమగును? వింత యేమనగా, నిన్నటివరకు ఇన్సులిన్ సూదిమందు తప్పని రోగికి, బరువు చెప్పుకొనదగినంత తగ్గకమునుపే, కొలది దినములకే రక్తమునందలి చక్కెర సమస్థితికి వచ్చుచుండెను. 1995లో వారు ప్రకటించిన లెక్కలో, పెద్దవయసున మధుమేహము వచ్చిన 146 మందిలో 121 మంది ఆ స్థితిలోనే నిలిచిరి. ఆ వ్యాసమునకు పోరీస్ పెట్టిన పేరు ‘ఎవరనుకొన్నారు?’ అను అర్థము గల ప్రశ్నతో మొదలగును. పండితపత్రికలో అంత బాహాటముగా ఆశ్చర్యపడిన వైద్యుని నిజాయితీ నాకు నచ్చినది.

అన్నము తొలిప్రేగును తప్పించుకొని దిగువప్రేగును శీఘ్రముగా తాకుటచే జీఎల్‌పీ-1 అను స్రావము అధికమై, ఇన్సులిన్‌ను ప్రేరేపించునని తరువాతివారు కనుగొనిరి. కారణమంతయు అదియే యనరాదు. కొందఱికి ఏండ్లు గడచిన పిమ్మట చక్కెర మరలివచ్చును. బీ12 వంటి విటమినులను జీవితాంతము వేఱుగా పుచ్చుకొనక తప్పదు. అయినను 2016లో పెక్కు దేశముల మధుమేహ సంస్థలు ఈ శస్త్రచికిత్సను మధుమేహ చికిత్సాక్రమమున చేర్చినవి. మందులకు చక్కెర లొంగనిచో ఎత్తునకు తగిన బరువును కొలుచు బీఎంఐ 30 నుండియే దీనిని ఆలోచింపవచ్చుననుచు, ఆసియావాసులకు ఆ గీతను 27.5కు దింపినవి, మనవారికి పెద్దగా ఒళ్లు రాకయే చక్కెర వచ్చుట అందులకు హేతువు.