బొమ్మ గోల్కొండది, పేరు కొన్నవాడిది

సాయంత్రమైతే చాలు, దుర్గం చెరువు తీగల వంతెన మీద ఫోన్లు పైకి లేస్తాయి. మెడలో ఆఫీసు ట్యాగు, వెనక అద్దాల భవంతులు, కింద చెరువు. 2020లో వంతెన తెరిచినప్పటి నుంచీ మాదాపూర్‌లో ఈ సెల్ఫీల సందడి మామూలే. ఈ చెరువు నీళ్లు ఒకప్పుడు మట్టి గొట్టాల్లోంచి గోల్కొండ కోటకు పారేవి. ఆ కోట నీడలో కూడా ముఖాలు పట్టే పని ఒకటి జోరుగా నడిచింది. గిరాకీలో పెద్ద వాటా సముద్రం అవతలి వాళ్లది.

ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఒక ఆల్బమ్ ఉంది. అందులో హిందుస్థాన్ పాలకులవీ ప్రముఖులవీ 49 చిత్తరువులు. గీసింది గోల్కొండలో, 1686లోనో అంతకు కాస్త ముందో. దాన్ని అందరూ విట్సెన్ ఆల్బమ్ అంటారు. నికొలాస్ విట్సెన్ చిత్రకారుడు కాడు, ఆమ్‌స్టర్‌డామ్ నగరానికి పదమూడుసార్లు మేయరు. లోకంలోని వింతలన్నీ ఇంట్లో పోగు చేసుకునే మనిషి. ఆల్బమ్ ఆయన చేతికి చేరింది, ఆయన పేరే దానికి అంటుకుంది.

డచ్చివాళ్లు మచిలీపట్నంలో దిగింది బట్టల కోసం. 1606 నాటికే అక్కడ వాళ్ల కోఠీ పడింది, ఇంగ్లీషువాళ్లు 1611లో వచ్చారు. తెలుగు నేత, అద్దకం బట్టలు ఓడలెక్కి తూర్పు దీవులకు పోయేవి, అక్కడ వాటికి మారుగా జాజికాయ, లవంగం దొరికేవి. కంపెనీ చిట్టాల్లో అసలు సరుకు అదే. బొమ్మలు కంపెనీ మనుషుల పెట్టెల్లో విడిగా ప్రయాణం చేశాయి. ఈ దేశంలో ఎవరు రాజు, ఎవరు వజీరు, ఎవరి మాట చెల్లుతుందో ముఖాలతో సహా తెలుసుకోవాలన్న ఆసక్తి అప్పటికే యూరప్‌లో ఉంది. 1650ల చివర్లో రెంబ్రాంట్ అంతటివాడు మొగలు చిత్రాలను ముందు పెట్టుకుని ఇరవైకి పైగా నకళ్లు గీసుకున్నాడు, అదీ ఆసియా నుంచి వచ్చిన కాగితం మీద.

ఇంత గిరాకీకి ఒక్కో బొమ్మా కొత్తగా గీస్తూ కూర్చుంటే సాగదు. అందుకు పాత ఉపాయమే ఉంది. పల్చటి తోలును అసలు బొమ్మ మీద పరిచి గీతలు ఎత్తుకుంటారు. దాన్ని చర్బా అంటారు. ఆ గీతల వెంట సూదితో సన్నటి బెజ్జాలు పొడిచి, కొత్త కాగితం మీద పెట్టి, బొగ్గుపొడి కట్టిన గుడ్డ మూటతో తడతారు. చిల్లుల ముగ్గు గొట్టం దొర్లించినట్టే, చుక్కల వరసలో ముక్కు, గడ్డం, తలపాగా దిగిపోతాయి. ఆ తర్వాత ఉడుత వెంట్రుకల కుంచె, ముద్ద రంగులు, చివర్లో బంగారు పూత, దాని మీద నున్నటి రాయితో మెరుగు. ఒక చర్బా ఉంటే ఒకే ఔరంగజేబు ఎన్ని ఆల్బమ్‌లలోనైనా కూర్చుంటాడు. చాలా బొమ్మల్లో ముఖం పక్కకే తిరిగి ఉంటుంది. పోలిక పట్టడానికీ, మళ్లీ మళ్లీ ఎత్తుకోవడానికీ అదే వీలు.

ఔరంగజేబు పేరు ఊరికే రాలేదు. ఈ తరహా ఆల్బమ్‌లలో గోల్కొండ సుల్తానులతో పాటు వాళ్ల మీదికి రాబోతున్న మొగలులూ ఉంటారు. గోల్కొండ చివరి సుల్తాను తానాషా దర్బారును నడిపిన మాదన్న, అక్కన్నల బొమ్మలూ ఈ ఒరవడిలో కనిపిస్తాయి. ఆ అన్నదమ్ములు 1686లో హతమయ్యారు. మరుసటి ఏడు ఎనిమిది నెలల ముట్టడి తర్వాత కోట పడిపోయింది, తానాషా దౌలతాబాద్‌లో ఖైదీ అయ్యాడు. గోల్కొండలో కొలువు చేసిన డచ్చి ఉద్యోగి డానియెల్ హవార్ట్ 1693లో కోరమాండల్ తీరం వెలుగునూ పతనాన్నీ ఒక పుస్తకంగా అచ్చు వేయించే నాటికి, చిత్రకారులను పోషించిన దర్బారే లేదు.

రాజ్యం పోయినా ముఖాలు మిగలడం వల్ల జరిగినదానికి శివాజీ చిత్రం మంచి ఉదాహరణ. 1677లో ఆయన హైదరాబాదు వచ్చి తానాషాతో ఒప్పందం చేసుకున్నాడు. 1680లలో గోల్కొండ చేతుల్లో తయారైన ఆయన చిత్తరువు ఒకటి ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఇటు మహారాష్ట్రలో మాత్రం చాలాకాలం వేరెవరి బొమ్మో శివాజీదిగా చెలామణి అయింది. డచ్చివాళ్ల ద్వారా మిగిలిన చిత్రాన్ని చరిత్రకారుడు వా.సీ. బేంద్రే పట్టుకుని 1933లో జనం ముందు పెట్టాకే ఆ పొరపాటు దిద్దుకుంది. దక్కన్ తన వీరుడి ముఖం చూసుకోవడానికి వలస వ్యాపారుల పెట్టె తెరవాల్సి వచ్చింది. వాళ్లు దాచారు కాబట్టి దొరికింది. దాచినవాళ్లకు నచ్చినవే దొరికాయన్నది కూడా అంతే నిజం: కొనేవాళ్లు అడిగింది రాజుల్నీ సేనానుల్నీ, అందుకే కోటకు నీళ్లు మోసినవాళ్ల ముఖాలు ఆ పెట్టెల్లోకి ఎక్కలేదు.

యూరప్ చేరాక బొమ్మలు మరో రూపు ఎత్తాయి. ఫ్రాంస్వా వాలెంటైన్ 1724–26 మధ్య వెలువరించిన భారీ గ్రంథంలో ఇలాంటి చిత్రాలను రాగి పలకల మీద చెక్కించి అచ్చు వేశారు. రంగు పోయింది, బంగారం పోయింది, గోల్కొండ కుంచె వాటం కూడా చాలావరకు పోయింది.

ఇక్కడి సరుకు విదేశీ పేరుతో చెలామణి కావడం 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక మాదాపూర్ చుట్టుపక్కల వింతేమీ కాదు. క్లయింటు కోసం రాసిన కోడ్ మీద రాసినవాళ్ల పేరు ఉండదు. కానీ వాళ్లకు జీతం చీటీ అయినా ఉంటుంది. ఆ చర్బా పొడిచినవాడికి ఏం ముట్టిందో చెప్పే కాగితం ఆల్బమ్‌తో రాలేదు.

దక్కనీ చిత్రకళకు విడిగా ఒక చరిత్ర ఉందని పండితులు గట్టిగా చెప్పడం మొదలై ఎంతో కాలం కాలేదు. మార్క్ జెబ్రోవ్‌స్కీ పుస్తకం వచ్చింది 1983లో, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దక్కన్ సుల్తానుల మీద పెద్ద ప్రదర్శన పెట్టింది 2015లో. హైదరాబాదులో సాలార్ జంగ్ మ్యూజియం ఉంది, జగదీశ్, కమలా మిత్తల్ దంపతులు కూర్చిన సేకరణ ఉంది. విట్సెన్ ఆల్బమ్ మటుకు ఆమ్‌స్టర్‌డామ్‌లోనే ఉంది, కాకపోతే ఇప్పుడు దాన్ని చూడటానికి విమానం ఎక్కక్కర్లేదు. తీగల వంతెన మీద సెల్ఫీ దిగిన ఫోన్లోనే రైక్స్ మ్యూజియం పేజీ తెరిస్తే ఆ చిత్తరువులు కనిపిస్తాయి. పేరు దగ్గర విట్సెన్, ఊరు దగ్గర గోల్కొండ. గీసినవారు అన్నచోట ఒకే మాట, అజ్ఞాత.