పాతాళపు చెరలో దేవుళ్లు: ఊహాలోక ఆటల్లో ఒక సంప్రదాయం

బల్ల చుట్టూ కూర్చున్నవారు తలా ఒక పాత్రను ధరించి, పాచికలు వేస్తూ కథను నడిపించే రోల్‌ప్లేయింగ్ ఆటలకు ఆద్యమైన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ను గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించగా, అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా పట్టణానికి చెందిన టీఎస్ఆర్ సంస్థ 1974లో దానిని ప్రచురించింది. డంజన్ అంటే కోటల అడుగున అంతస్తులుగా దిగే నేలమాళిగల సముదాయం. ఎంత లోతుకు దిగితే అంత బలమైన భూతాలు ఎదురుపడేలా తొలి నియమావళే పట్టికలు కూర్చింది. ఆ లెక్కన అట్టడుగున ఉండవలసినది అన్నిటికన్నా బలమైనదే కావాలి గనుక, అక్కడికి దేవుడు చేరడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

అయితే దేవుణ్ణి ఆటలోకి తెచ్చినప్పుడు ఒక చిక్కు ఎదురైంది. రాబర్ట్ కుంట్జ్, జేమ్స్ వార్డ్ 1976లో కూర్చిన అనుబంధ గ్రంథం ‘గాడ్స్, డెమీగాడ్స్ అండ్ హీరోస్’ వివిధ పురాణాల దేవతలకు హిట్ పాయింట్లు, అంటే దెబ్బలను తట్టుకునే శక్తిని కొలిచే అంకెలు, కేటాయించింది. మితిమీరిన బలం సంపాదించిన పాత్రలు ఎంత అసంగతమో ఈ అంకెలను చూసైనా గ్రహించాలని సంపాదకుడు టిమ్ కాస్క్ ముందుమాటలో ఆశించాడు గాని, అంకె ఉన్న దేనినైనా ఓడించవచ్చునన్నది ఆటగాళ్ల సహజమైన తర్కం.

ఈ చిక్కుకు విరుగుడు గైగాక్స్ సొంత ఊహాలోకమైన గ్రేహాక్‌లోనే కనిపిస్తుంది. ఆ లోకపు కోట అడుగున యూజ్ అనే దుష్ట ఉపదేవుడు ఒక మాంత్రికుడి చెరలో ఉండగా, కుంట్జ్ ఆడిన రోబిలార్ అనే పాత్ర అతనిని విడిపించడంతో, బల్ల మీద జరిగిన ఆట ఆ లోకానికి చరిత్రగా స్థిరపడింది. 1982లో గైగాక్స్ రాసిన ‘ద ఫర్గాటెన్ టెంపుల్ ఆఫ్ థారిజ్డూన్’ అనే మాడ్యూల్, అంటే ఒకే సాహసానికి పరిమితమైన ఆటపుస్తకం, మరొక అడుగు ముందుకు వేసింది: ఇతర దేవతలు బంధించిన థారిజ్డూన్ అందులో ఎక్కడా స్వయంగా ఎదురుపడడు, పాడుబడిన ఆలయమూ అందులో మిగిలిన పూజా చిహ్నాలూ మాత్రమే అతని ఉనికిని తెలుపుతాయి. గైగాక్స్, ఫ్రాంక్ మెంట్జర్ కలిసి 1985లో వెలువరించిన ‘ద టెంపుల్ ఆఫ్ ఎలిమెంటల్ ఈవిల్’లో జగ్ట్‌మోయ్ అనే రాక్షసరాణి అదే విధంగా ఆలయం అడుగున మంత్రముద్రల వెనుక బందీగా ఉంటుంది.

ఈ కల్పనకు సాహిత్య మూలాలు స్పష్టమే. 1979 నాటి ‘డంజన్ మాస్టర్స్ గైడ్’ చివర గైగాక్స్ తనను ప్రభావితం చేసిన రచయితల జాబితా ఇచ్చాడు. సముద్రగర్భ నగరంలో నిద్రించే క్థుల్హును 1928లో పాఠకులకు పరిచయం చేసిన హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ పేరు అందులో ఉంది. ఈ కల్పన గైగాక్స్ లోకానికే పరిమితం కాలేదు: గ్రెగ్ స్టాఫర్డ్ సృష్టించిన గ్లొరాంథా అనే ఊహాలోకంలోనూ వాక్‌బోత్ అనే మహాదుష్టుడు ఒక పెనుబండ కింద నలిగి పడి ఉంటాడు.

కాలక్రమంలో ఒక్కొక్క కోటకు పరిమితమైన నేలమాళిగ ఖండాల అడుగున వ్యాపించిన లోకంగా మారింది. 1978 నాటి మాడ్యూళ్లు డ్రౌ అనే జాతి పాతాళనగరం దాకా సాగే సొరంగమార్గాలను చిత్రించగా, 1986లో డగ్లస్ నైల్స్ రాసిన ‘డంజనీర్స్ సర్వైవల్ గైడ్’ అండర్‌డార్క్ అనే పేరుతో అటువంటి విశాల ప్రాంతాన్ని వర్ణించింది. ఒక సాహసానికి బదులు ఒక లోకపు భూగోళాన్నీ చరిత్రనూ అందించే ఇటువంటి గ్రంథాలనే సోర్స్‌బుక్కులు అంటారు. 2008లో పైజో సంస్థ ప్రచురించిన ‘ఇంటూ ద డార్క్‌ల్యాండ్స్’ గోలారియన్ అనే ఊహాలోకపు పాతాళాన్ని మూడు అంచెలుగా విభజించింది; ఆ లోకగర్భంలోనే రోవగుగ్ అనే వినాశక దేవుడు బంధితుడై ఉంటాడు, అతని చెర తాళంచెవి నరకాధిపతి ఆస్మోడియస్ చేతిలో ఉంటుంది.

బందీ అయిన దేవుడు ఇన్ని లోకాలలో నిలదొక్కుకోవడానికి కారణం పురాణాల పట్ల మక్కువ ఒక్కటే కాదు. చెర వల్ల దేవుడు కథలో ఉంటూనే ఆటగాళ్ల కత్తికి అందకుండా ఉంటాడు. పోరాటం అతనితో గాక, అతనిని విడిపించాలని చూసే భక్తులతోనూ, బలహీనపడుతున్న ముద్రలతోనూ సాగుతుంది. దేవుణ్ణి అంకెల్లో బిగించడం కన్నా గోడల వెనుక బంధించడమే అతని పట్ల భయాన్ని ఎక్కువగా నిలిపిందన్నది ఈ చరిత్ర తేల్చే విషయం.