ఎందుకైనా మంచిదని...

మన ఇళ్ళల్లో రోజుకి పదిసార్లు వినబడే మాట ఏదంటే "ఎందుకైనా మంచిది" అన్నదేనేమో! మబ్బు లేకపోయినా గొడుగు. నలుగురొస్తారంటే ఆరుగురికి బియ్యం. గొడుగు మోసినంత మాత్రాన పోయేదేం లేదు కదా!

కానీ 1996లో మా పిన్నికి రొమ్ములో కణితి తీసేశాక, "ఎందుకైనా మంచిది, కీమోథెరపీ కూడా చేయించుకోండమ్మా" అన్నారు డాక్టరుగారు. నడుం దాటిన జడ నెల తిరక్కుండా దువ్వెనకి వచ్చేసింది. మంచినీళ్ళు తాగినా వాంతే. "ఇది నాకు తప్పనిసరేనంటావా అమ్మాయ్?" అని నన్నడిగేది. నేనేం చెప్పను? నిజానికి ఆ రోజుల్లో ఆ మాట నిక్కచ్చిగా చెప్పగల డాక్టరు ప్రపంచంలోనే లేడు.

ఈ "ఎందుకైనా మంచిది" వైద్యం పాతదే. 1894 నాటికే బాల్టిమోరులో హాల్‌స్టెడ్ అనే సర్జను రొమ్ముతోపాటు ఛాతీ కండరాలూ, చంకలోని గ్రంథులూ కూడా తీసేసేవాడు. దశాబ్దాల తరబడి అదే వేదమయింది. కణితి మేరకే తీసి రేడియేషన్ ఇచ్చినా ఆయుష్షు తగ్గదని 1985లో పిట్స్‌బర్గ్ డాక్టరు బెర్నార్డ్ ఫిషర్ బృందం లెక్కలతో చూపించింది. కత్తి వెనక్కి తగ్గింది గానీ, మందు ముందుకొచ్చింది. గ్రంథులకి పాకకపోయినా చాలామంది స్త్రీలకి కీమోథెరపీ ఇవ్వాల్సిందేనని 2000లో అమెరికా నిపుణులు సలహా చెప్పారు.

పిట్స్‌బర్గ్ అంటే మనకి 1976లో కట్టిన వెంకటేశ్వరస్వామి గుడి గుర్తొస్తుంది. పిల్లల్ని చూడ్డానికి అమెరికా వెళ్ళిన వాళ్ళు ఆ దర్శనం చేసుకోందే తిరిగిరారు. అదే ఊళ్ళో మైనపు దిమ్మల్లో భద్రపరిచిన కణితి ముక్కలుండేవి. 1982 నుంచి 1988 దాకా టామాక్సిఫెన్ మాత్రల మీద జరిగిన పరిశోధనలో చేరిన స్త్రీలవి అవి. ఎవరికి జబ్బు తిరగబెట్టిందో, ఎవరు హాయిగా ఉన్నారో రికార్డుల్లో ఉండనే ఉంది. ఇక కణితినే అడిగితే సరి! సూన్‌మ్యుంగ్ పైక్ అనే డాక్టరు, ఆయనతోటివాళ్ళూ ఆ పనే చేశారు. 668 మంది కణితుల్లో 21 జన్యువులు ఎంత జోరుగా పనిచేస్తున్నాయో కొలిచి, సున్నా నుంచి వందదాకా మార్కులు వేసి, 2004లో ప్రకటించారు. తక్కువ మార్కులొచ్చిన వాళ్ళలో పదేళ్ళలో జబ్బు వేరే అవయవాలకి పాకింది నూటికి ఏడుగురికి లోపే. ఎక్కువ మార్కుల వాళ్ళలో ముప్ఫైమందికి. పరీక్షలో మార్కులు తక్కువొస్తే సంతోషించేది ఇక్కడొక్కచోటే కాబోలు!

అన్నట్టు, ఇది తల్లినుంచి కూతురికి వచ్చే జన్యువుల పరీక్ష కాదు సుమండీ. కణితి స్వభావం చూసేది. అదీ ఈస్ట్రోజెన్ హార్మోనుతో పెరిగే రకానికే.

మరి అటూ ఇటూ కాని మధ్య మార్కుల వాళ్ళో? అది తేల్చడానికి 2006లో టైలరెక్స్ అనే పరిశోధన మొదలైంది. గ్రంథులకి పాకనివాళ్ళు 10,000 మందికి పైగా చేరారు. మార్కులు 11 నుంచి 25 దాకా వచ్చిన 6,711 మందిని చీటీలు తీసినట్టు రెండు జట్లు చేశారు. ఒకరికి హార్మోను మందులు, ఇంకొకరికి వాటితోపాటు కీమో. ఒక్కసారి ఆలోచించండి. ప్రాణం సంగతి చీటీకి వదిలేసి సంతకం పెట్టడానికి ఎంత గుండె కావాలి! నేనైతే పెట్టేదాన్నా అని చాలాసార్లు అనుకున్నాను. జవాబు రాలేదు.

దీనికి డబ్బు కొంత తపాలా బిళ్ళ నుంచి వచ్చిందంటే నమ్ముతారా? 1998లో అమెరికా తపాలాశాఖ 32 సెంట్ల బిళ్ళని 40కి అమ్మింది. పైన వచ్చేది రొమ్ము కాన్సరు పరిశోధనకి. బొమ్మలో అమ్ములపొదికి చెయ్యెత్తిన వేటదేవత ఉంటుంది. ఉత్తరం రాసిన ప్రతి ఇల్లాలూ ఎనిమిది సెంట్ల చందాదారే అన్నమాట.

2018లో ఫలితం వచ్చింది. తొమ్మిదేళ్ళ తర్వాత కీమో తీసుకున్నవాళ్ళలో నూటికి 93.8 మంది, తీసుకోనివాళ్ళలో 93.9 మంది బతికున్నారు. అంటే మధ్య మార్కుల వాళ్ళలో చాలామందికి జుట్టు పోగొట్టుకోవలసిన పనే లేదు. అయితే యాభై ఏళ్ళలోపు వాళ్ళకి, మార్కులు 16, ఆ పైన ఉంటే, కీమోతో కొంత మేలు కనబడింది. మార్కులు 26, ఆ పైన వచ్చిన వాళ్ళకి కీమో ఇవ్వనే ఇచ్చారు. కాబట్టి ఎవరికి వారు డాక్టరుతో తేల్చుకోవలసిందే.

మా పిన్నికిప్పుడు ఎనభై దాటాయి. తెల్లటి చిన్న ముడి వేసుకుంటుంది. ఇదంతా చదివి వినిపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "నాకెన్ని మార్కులొచ్చేవో! ఆ ముక్క ఇంకా ఎక్కడైనా దాచుంచారంటావా?" అంది.