గవర్నర్ పదవీకాలం అయిదేళ్లేనా? మధ్యలో తప్పించొచ్చా?

గవర్నర్ పదవీకాలం ఎంత అంటే అయిదేళ్లు అని చాలామంది చెబుతారు. పోటీ పరీక్షల పుస్తకాల్లోనూ అదే ఉంటుంది. కానీ రాజ్యాంగంలో ఉన్నది అంతమాత్రమే కాదు. అందుకే ఒకరు రెండేళ్లు నిండకుండానే వెళ్లిపోతే, మరొకరు తొమ్మిదేళ్లకు పైగా కొనసాగారు.

రాజ్యాంగం ఏం చెబుతోంది?

గవర్నర్‌ను రాష్ట్రపతి నియమిస్తారు. భారత పౌరుడై ఉండాలి, 35 ఏళ్లు నిండి ఉండాలి. పదవీకాలం గురించి చెప్పేది ఆర్టికల్ 156.

- రాష్ట్రపతి విశ్వాసం ఉన్నంత వరకే గవర్నర్ పదవిలో ఉంటారు.
- రాష్ట్రపతికి లేఖ రాసి ఎప్పుడైనా రాజీనామా చేయవచ్చు.
- ఈ రెండింటికీ లోబడి పదవీకాలం అయిదేళ్లు. అది ముగిసినా, కొత్త గవర్నర్ బాధ్యతలు తీసుకునే దాకా కొనసాగవచ్చు.

రాష్ట్రపతి కేంద్ర మంత్రివర్గం సలహా మేరకే నడుచుకుంటారు కాబట్టి, ఆచరణలో ఈ నిర్ణయం కేంద్రానిదే.

ఇద్దరు తెలుగు గవర్నర్లు

పల్నాడు జిల్లా నాదెండ్ల మండలంలోని చిరుమామిళ్లకు చెందిన కాసు బ్రహ్మానందరెడ్డి 1964 నుంచి 1971 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి. తర్వాత కేంద్ర హోంమంత్రిగా చేశారు. 1988 ఫిబ్రవరిలో మహారాష్ట్ర గవర్నర్ అయ్యారు. 1989 డిసెంబరులో కేంద్రంలో కాంగ్రెస్ పోయి వీపీ సింగ్ ప్రభుత్వం వచ్చింది. గవర్నర్లందరూ రాజీనామా చేయాలని 1990 జనవరిలో అప్పటి రాష్ట్రపతి ఆర్. వెంకటరామన్ కోరారు. అదే నెలలో బ్రహ్మానందరెడ్డి పదవి వీడారు. అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు.

కొణిజేటి రోశయ్య విషయంలో ఇలా జరగలేదు. ఉమ్మడి గుంటూరు జిల్లా వేమూరుకు చెందిన ఆయన 2011 ఆగస్టులో తమిళనాడు గవర్నర్‌గా వెళ్లారు. 2014లో కేంద్రంలో ప్రభుత్వం మారినా, 2016 ఆగస్టు వరకు అయిదేళ్లూ పూర్తి చేశారు.

మన రాష్ట్రంలో ఎలా ఉంది?

1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి తొలి గవర్నర్ సీఎం త్రివేది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1957 వరకు ఆయనే కొనసాగారు. కృష్ణకాంత్ 1990 నుంచి 1997 వరకు ఏడున్నరేళ్లు ఉండి, ఉపరాష్ట్రపతిగా వెళ్లారు. 2009 డిసెంబరులో వచ్చిన ఈఎస్ఎల్ నరసింహన్ 2019 జులై వరకు ఉన్నారు. విభజన తర్వాత రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆయనే గవర్నర్. ఒకే వ్యక్తి రెండు రాష్ట్రాలకు గవర్నర్‌గా ఉండే వీలు 1956 నాటి ఏడో సవరణతో వచ్చింది.

రామ్‌లాల్ మాత్రం 1983 ఆగస్టులో వచ్చి ఏడాది దాటగానే వెళ్లిపోయారు. 1984 ఆగస్టు 16న ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని తొలగించి, నాదెండ్ల భాస్కరరావుతో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించింది ఆయనే. అసెంబ్లీలో బలం నిరూపించుకునే అవకాశం ఎన్టీఆర్‌కు ఇవ్వలేదు. జనం రోడ్లెక్కారు. ఆ నెలాఖరుకే రామ్‌లాల్ స్థానంలో శంకర్ దయాళ్ శర్మ వచ్చారు. సెప్టెంబరు 16న ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు.

కోర్టు ఏమంది?

2004లో యూపీఏ ప్రభుత్వం వచ్చాక ఉత్తరప్రదేశ్, గుజరాత్, హరియాణా, గోవా గవర్నర్లను తొలగించారు. దీనిపై దాఖలైన బీపీ సింఘాల్ కేసులో 2010 మే 7న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పిచ్చింది. తొలగించేటప్పుడు కారణం బయటకు చెప్పనక్కర్లేదు. కానీ సరైన కారణం అంటూ ఉండాలి. కేంద్రంలో పార్టీ మారిందనో, గవర్నర్ అభిప్రాయాలు కొత్త ప్రభుత్వానికి నచ్చలేదనో తప్పించడం చెల్లదు. ఏకపక్షంగా తొలగించారని ప్రాథమికంగా చూపగలిగితే కోర్టు జోక్యం చేసుకోవచ్చు.

అయితే రాజీనామా చేయమని ఫోన్‌లో అడిగితే, గవర్నర్ రాసిచ్చేస్తే? అప్పుడది తొలగింపు కాదు, కోర్టు దాకా వెళ్లేదీ ఉండదు.

మనకేంటి సంబంధం?

అసెంబ్లీ ఆమోదించిన బిల్లు చట్టం కావాలంటే గవర్నర్ దగ్గరికి వెళ్లాల్సిందే. ఎన్నికల్లో ఎవరికీ మెజారిటీ రాకపోతే ప్రభుత్వం ఏర్పాటుకు ముందుగా ఎవరిని పిలవాలో తేల్చేదీ ఆయనే. ఆ కుర్చీలో ఉన్నవారు ఢిల్లీ వైపు చూస్తూ కూర్చోవాల్సిన పరిస్థితి ఉంటే, దాని ప్రభావం మనం ఓటేసి ఎన్నుకున్న ప్రభుత్వం మీద పడుతుంది. 1984లో తెలుగువాళ్లు చూసింది అదే.