ఆగడం నేర్చిన కథ

చాలా ఏళ్ళ కిందటి మాట. దర్శనం ముగించుకుని మేము ఆరుగురం ఒక పాత అద్దె కారులో తిరుమల కొండ దిగుతున్నాం. 1944లో ప్రారంభమైన మొదటి ఘాట్ రోడ్డది. 1974లో రెండవది వచ్చాక కొత్తది ఎక్కడానికీ, పాతది దిగడానికీ వాడుకలోకి వచ్చాయి. సగం దూరం దిగామో లేదో, ఏదో కాలుతున్న వాసన మొదలైంది. నడివయసు దాటిన మా డ్రైవరు రెండు మూడుసార్లు పెడలు తొక్కి చూశాడు. ఏమీ మాట్లాడకుండా ఒక్కొక్క గేరే తగ్గించి, కొండవారగా బండి ఆపి, చక్రాల ముందు రాళ్ళు పెట్టాడు. రైలుకు వేళవుతోందని మామయ్య విసుక్కున్నాడు. నేను సీసాతో నీళ్ళు తెచ్చి చక్రం మీద పోయబోతే డ్రైవరు చెయ్యి పట్టుకుని ఆపాడు.

"పొయ్యొద్దు నాయనా, డ్రమ్ము పగిలిపోతాది. దానంతట అదే చల్లారాల."

ముప్పావుగంట గడిచాక ఆయన మళ్ళీ పెడలు తొక్కి, తల ఊపి, బయలుదేరదీశాడు. రైలు తప్పిపోయింది.

ఆ ముప్పావుగంటలో ఏం జరిగిందన్నది నన్ను చాలాకాలం వెంటాడింది. ఆ ప్రశ్న పట్టుకుని చదవగా చదవగా నాకు తెలిసిందేమంటే, కారు బ్రేకుల చరిత్ర అంతా బ్రేకుల రోగాల చరిత్రే. ఈనాడు మెకానిక్కు దగ్గర మనం చెప్పుకునే ప్రతి ఫిర్యాదూ ఒకప్పుడు ఎవరినో నిద్రపోనివ్వని సమస్యే.

మొట్టమొదటి ఫిర్యాదు అరుగుదల. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ తన ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని, భర్త తయారుచేసిన మూడు చక్రాల మోటారు బండిలో జర్మనీలోని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు ప్రయాణమైంది. దూరం నూరు కిలోమీటర్ల పైచిలుకు. పల్లపు దారుల్లో బండి చెక్క బ్రేకులు అరిగిపోయాయి. ఆమె దారిలో చెప్పులు కుట్టే పనివాడి చేత వాటికి తోలు కొట్టించింది. లైనింగు అనే మాటకు మూలపురుషుడు ఆ తోలుముక్కే అనుకోవచ్చు. ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన, రైతులు బండి బ్రేకు దిమ్మెలకు పాత బూట్లు కట్టుకోవడం చూసి, ఆ ఆలోచనతోనే 1897లో ఫెరోడో సంస్థను స్థాపించాడని చెబుతారు. తరువాత వేడికి తట్టుకునే ఆస్‌బెస్టాస్ లైనింగులు వచ్చాయి. వాటి ధూళి ఊపిరితిత్తులను తినేస్తుందని లోకం ఒప్పుకోవడానికి దశాబ్దాలు పట్టింది. బ్రిటన్ దానిని పూర్తిగా నిషేధించినది 1999లో. డ్రమ్ము విప్పి నోటితోనో గాలిగొట్టంతోనో ధూళి ఊదే అలవాటు ఎక్కడ కనిపించినా వారించవలసిందే.

అరుగుదలకు నేటికీ గుర్తు చప్పుడే. ప్యాడు అరిగి చివరికి వస్తే, దానికి అమర్చిన చిన్న రేకు డిస్కుకు రాసుకుని కీచుమంటుంది. అది హెచ్చరిక. దానిని పట్టించుకోకపోతే కీచుదనం పోయి గరగరమని ఇనుము ఇనుమును కోసే చప్పుడు వస్తుంది. అప్పుడిక ప్యాడ్లతో పోదు, డిస్కుకూ ఖర్చు పెట్టాలి. 1902లోనే ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్కు బ్రేకుకు పేటెంటు పొందాడు. రాగి ప్యాడ్లు చేసే ఘోరమైన కీచు శబ్దమూ, ఆనాటి రోడ్ల దుమ్ముకు అవి అరిగిపోయే తీరూ దానిని ముందుకు సాగనివ్వలేదు. అదే ఏడు లూయీ రెనో రూపుదిద్దిన డ్రమ్ము బ్రేకు దాదాపు అర్ధశతాబ్దం రాజ్యమేలింది.

రెండవ ఫిర్యాదు: బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగడం. పాతకాలపు బ్రేకులు కడ్డీలతో, తీగలతో పనిచేసేవి. ఒక చక్రం కడ్డీ బిగువుగా, మరొకటి వదులుగా ఉంటే బండి బిగువున్న వైపుకు తిరిగేది. దీనికి మందు పదిహేడవ శతాబ్దంలో పాస్కల్ చెప్పిన సూత్రంలో ఉంది: మూసిన పాత్రలోని ద్రవాన్ని ఒకచోట ఒత్తితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుంది. మాల్కం లాక్‌హీడ్ ఆ సూత్రాన్ని బ్రేకులకు తెచ్చాడు. 1921 నాటి డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ ద్రవపు బ్రేకులతో వచ్చింది. ఫోర్డు కంపెనీ మాత్రం 1939 మోడలు దాకా కడ్డీలనూ తీగలనూ వదలలేదు. ఇప్పుడు బండి పక్కకు లాగుతోందంటే ఒక చక్రపు క్యాలిపరు పట్టేసిందనో, లైనింగుకు జిడ్డు అంటిందనో, ముందుగా టైర్లలో గాలి సమంగా లేదనో అనుమానించాలి.

ద్రవం ఒక రోగాన్ని కుదిర్చి, కొత్త రోగాలు తెచ్చింది. గొట్టం ఒకచోట తెగితే నాలుగు చక్రాల బ్రేకులూ ఒక్కసారే పోతాయి. అందుకే మాస్టరు సిలిండరును రెండు భాగాలు చేశారు. అమెరికా 1968 నుంచి దానిని తప్పనిసరి చేసింది. పెడలు మీద కాలు అదిమి ఉంచినప్పుడు మెల్లగా కిందికి జారిపోతుంటే, బయట కారుతోందో, సిలిండరు లోపలి రబ్బరు పోయిందో చూడాలి. స్పాంజిలా మెత్తగా ఉంటే గొట్టాల్లో గాలి చేరినట్టు. ద్రవం నొక్కుకుపోదు, గాలి నొక్కుకుపోతుంది. తొక్కడానికి రాయిలా గట్టిగా ఉంటే బూస్టరుకు శూన్యపీడనం అందడం లేదన్నమాట.

ఇక ఆ రోజు కొండమీది సంగతి. బ్రేకు అంటే వేగాన్ని వేడిగా మార్చే యంత్రం. ఎడతెగకుండా తొక్కుతూ దిగితే డ్రమ్ము వేడికి వ్యాకోచించి షూలకు దూరమవుతుంది, లైనింగు పట్టు తప్పుతుంది. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకునే గుణం కలది. డాట్ 3 రకం ఆయిలు కొత్తదైతే కనీసం 205 డిగ్రీల సెంటీగ్రేడు దాకా మరగకూడదు. తేమ చేరినదానికి ఆ హద్దు 140 డిగ్రీలే. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి, పెడలు నేలకంటుతుంది. చల్లారితే ఆవిరి మళ్ళీ ద్రవమవుతుంది, డ్రమ్ము మళ్ళీ దగ్గరకొస్తుంది. ఆ ముప్పావుగంట మా డ్రైవరు ఎదురుచూసినది దాని కోసమే. గాలికి త్వరగా చల్లారే డిస్కు బ్రేకు 1953లో లె మాన్ పందెంలో జాగ్వార్‌ను గెలిపించినదీ ఈ గుణంవల్లే.

1978లో బాష్ కంపెనీ ఏబీఎస్ మెర్సిడెస్ కారులోకి వచ్చింది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి. అది చక్రం బిగుసుకుపోయి జారకుండా కాపాడుతుంది గాని, మరిగిన ఆయిలును చల్లార్చలేదు. ఎక్కిన గేరులోనే దిగాలన్న పాత డ్రైవర్ల మాట అందుకే పాతబడలేదు. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో కొండ దిగేవారు నాకు ఇప్పటికీ తారసపడుతుంటారు. పెట్రోలు మిగలడం మాట అటుంచి, ఇంజను పట్టి ఉంచవలసిన బరువంతా బ్రేకుల మీదనే వేస్తున్నామని వారికి తోచదు.

మామయ్య బ్రతికినన్నాళ్ళూ ఆ ప్రయాణం గురించి చెప్పేవాడు. "ఆ డ్రైవరు మూలంగా రైలు తప్పింది" అనేవాడు. నిజమే, ఆయన మూలంగానే తప్పింది. ఆ మాట మామయ్య ఇరవయ్యేళ్ళపాటు చెప్పగలిగాడంటే, అదీ ఆయన మూలంగానే.